ఏడో ఆట రోజున బోణీ

బేరమాడకుండా నేను కొన్నది ఈ జన్మలో ఒక్క బస్సు టికెట్టే. దానికీ ఒకసారి కండక్టరుతో ఏదో ప్రయత్నం చేశానని మా ఆవిడ నలుగురిలో చెబుతూ ఉంటుంది. సగం నిజం.

తప్పు నాది కాదు, పుట్టిన చోటుది. తెనాలిలో మా నాన్నది బట్టల కొట్టు. ఎడమ పక్క స్టీలు సామాన్లు, కుడి పక్క పచారీ, ఎదురుగా గాజులు. నాన్న నాకు నేర్పిన చదువంతా రెండు ముక్కలు. బేరం తెగక మెట్లు దిగిపోయేవాడి మొహం చూడకు, మూడో అడుగు చూడు, అది నెమ్మదిగా పడితే వెనక్కి వస్తాడు. ఇది మొదటిది. రెండోది బోణీ. పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని పోనివ్వకూడదు, ఆ ఒక్కదాంట్లో మాత్రం ఆశపడకూడదు. "బోణీ అయ్యేదాకా ఇది కొట్టు కాదురా, నాలుగ్గోడలు," అనేవాడు.

ఈ చదువుతోనే డెట్రాయిట్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో, సరుకు కొనే విభాగంలో ఇంజనీరుగా చేరాను. బోల్టు బోల్టుకీ బేరమాడుతూ సుఖంగా బతికాను. ఆ తర్వాత కార్లు అమ్ముడుపోని రోజులొచ్చి కంపెనీ నన్ను లే-ఆఫ్ చేసింది. అక్కడ మాత్రం బేరానికి చోటివ్వలేదు. రెండేళ్ళు చిన్నా చితకా పనులు చేశాక, ఎనభై ఏడు వసంతంలో, డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఇండియన్ సరుకుల షాపు పెడదామని నిశ్చయించుకున్నాను. ఒక వరసలో నాలుగు షాపులూ ముందు కార్లు ఆపుకునే జాగా ఉన్న చోట మూడోది ఖాళీగా ఉంది. అద్దె తగ్గించమన్నాను. ఓనరు వెంటనే ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో మొదటి వాన పడ్డాక, బియ్యం బస్తాల మీద బొట్లు బొట్లుగా తెలిసింది.

అప్పటికి ఇల్లు మా ఆవిడ జీతం మీద నడుస్తోంది. హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేసేది. వాళ్ళ అన్నయ్య టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉండేవాడు. తన ఆఫీసులోనే నాకో ఉద్యోగం చూసి పెట్టాడు. జూన్ మొదటి సోమవారం కల్లా అవునో కాదో చెప్పాలి. షాపు తెరవాలనుకున్నది దానికి ముందు శనివారం. మా ఆవిడ నెమ్మదిగానే చెప్పింది.

"శనివారం తెరవండి. మనవాళ్ళు వస్తే ఇక్కడే ఉందాం. ఆ రోజే రానివాళ్ళు తర్వాత మాత్రం ఎందుకొస్తారు? రాకపోతే సోమవారం అన్నయ్యకి వస్తున్నామని చెప్పేస్తాను."

నేను రెండు శనివారాలు అడిగాను. ఒక్కటే ఇచ్చింది. మా ఇంట్లో అసలు బేరగాడు ఎవరో నాకు ఆ రోజే తెలిసింది.

ఆ శనివారాన్ని ఎంచింది మా మామగారు. బాపట్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై, ఆరు నెలలు ఉందామని కూతురి దగ్గరికి వచ్చారు. పెట్టెలో గోంగూర పచ్చడి సీసాకీ, కందిపొడి సీసాకీ మధ్య పంచాంగం భద్రంగా చుట్టి తెచ్చుకున్నారు. ఇక్కడి న్యూస్‌పేపర్‌లో సూర్యోదయం ఎన్నింటికో చూసి, అక్కడి ఘడియల్ని ఇక్కడి గంటల్లోకి మార్చి, నాలుగు రోజులు కాగితాలు నింపి తేల్చారు. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక.

"శనివారం స్థిరవారం అల్లుడుగారూ. ఆ రోజు పెట్టింది కదలదు. ఇది దాటితే మీ పేరుకి కుదిరే ముహూర్తం లేదు. వెనకాలే ఆషాఢం, దాని వెనకాల మూఢం."

మంచిదన్నాను. పాంప్లెట్లు ప్రింట్ చేయించి గుడిలో పంచాను, పిల్లల తెలుగు క్లాసుల దగ్గర పంచాను, కార్ల అద్దాలకి గుచ్చాను. శనివారం, మే ముప్పై, ఒంటిగంటకి ప్రారంభం.

పక్క షాపు బార్బర్‌ది. అరవై దాటిన నల్లాయన. ముప్పై ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీలో చేసి, రిటైరయ్యాక కత్తెర పట్టాడు. అద్దానికి పైన చెక్క అలమర, దాని మీద చిన్న టీవీ. నేను షాపులో అరలు బిగించుకుంటున్న నెలంతా అలసట తీర్చుకోవడానికి అక్కడే కూర్చునేవాణ్ణి. బాస్కెట్‌బాల్ నాకు ఆయన నేర్పాడు. అంతకు ముందు నాకు తెలిసింది, పొడుగువాళ్ళు పరుగెడతారని, అంతే.

మేలో ప్లేఆఫ్‌లు నడుస్తున్నాయి. ఒక్కో జట్టు ఇంకో జట్టుతో వరసగా ఆడుతుంది. ఏడు ఆటల్లో ముందు నాలుగు ఎవరు గెలిస్తే వాళ్ళు పైకి, రెండోవాళ్ళు ఇంటికి. ఆరింట్లోనే తేలిపోతే ఏడోది ఉండదు. నాకు ఆట అర్థం కాలేదు కానీ ఆడేవాళ్ళు అర్థమయ్యారు. ఇది బజారే. బోస్టన్‌ది పాత షాపు. పేరుంది, గిరాకీ ఉంది, పనివాళ్ళకి మాత్రం మోకాళ్ళు అరుగుతున్నాయి. లాస్ ఏంజలిస్‌ది అద్దాల షోరూం, లోపలికెళితే కళ్ళు చెదిరి జేబు ఖాళీ. మా డెట్రాయిట్‌ది కొత్త కొట్టు. కుర్రాళ్ళు, దూకుడు, వచ్చినవాణ్ణి చెయ్యి పట్టుకుని లాగడం. షికాగోది ఒకే ఒక్క సేల్స్‌మన్ మీద నడిచే దుకాణం, అతగాడు సెలవు పెడితే తలుపులు మూసుకోవాల్సిందే, దానికి భవిష్యత్తు లేదు అని ప్రకటించాను. ఆ తర్వాత అదే సేల్స్‌మన్‌తో షికాగో ఆరుసార్లు కప్పు కొట్టిన సంగతి లోకానికి తెలుసు. మా ఇంట్లో నేనేదైనా గట్టిగా వాదించినప్పుడల్లా మా ఆవిడ "షికాగో" అని ఒక్కమాటంటుంది. నేను కూర్చుంటాను.

కానీ బార్బర్ నా జోస్యాలు శ్రద్ధగా వినేవాడు. నన్ను నేబర్ అని పిలిచేవాడు. మా పాంప్లెట్ ఒకటి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తేదీ చూసి, గోడ మీద ఆటల క్యాలెండర్ చూశాడు. మా డెట్రాయిట్‌కి బోస్టన్‌తో ఏడో ఆట, అంటే జరిగితే, సరిగ్గా అదే మధ్యాహ్నం.

మీవాళ్ళు టీవీలు చూస్తారా అని అడిగాడు. చూస్తారా? మా తెలుగువాళ్ళలో సగం మంది కార్ల కంపెనీల్లోనే ఉన్నారు. సోమవారం కాఫీ దగ్గర మాట్లాడటానికి వేరే విషయం లేదు. ఒంట్లో బాగాలేదని శుభకార్యాలు మానేసిన వాళ్ళని కూడా ప్లేఆఫ్‌లు లేపి కూర్చోబెట్టాయి.

అయినా నేను కంగారు పడలేదు. ఇక్కడే నా తెలివి పని చేసింది. ఆరింట్లో తేలిపోతుంది అని లెక్క కట్టాను. ముహూర్తానికి గ్రహాలు మామగారు చూశారు, బాస్కెట్‌బాల్ నేను చూశాను. మా ఇద్దరిలో ఎవరిది అసలు శాస్త్రమో వారం తిరక్కుండానే తేలింది.

మంగళవారం ఐదో ఆట. మావాళ్ళు గెలిచినట్టే. ఇంకా కొద్ది సెకన్లే ఉన్నాయి, బంతి మాది. గీత బయట నుంచి లోపలికి విసరడమే మిగిలింది. మావాడు విసిరాడు. బోస్టనాయన మధ్యలో దూరి లాక్కుపోయాడు, పక్కవాడు బుట్టలో వేశాడు. నా కళ్ళకి కనబడింది మా నాన్న కొట్టు. బేరం తెగి, చీర పొట్లం కట్టి, గుమ్మం దగ్గర అందించబోతుంటే పక్క కొట్టువాడు చెయ్యి పట్టుకుని తీసుకుపోయినట్టుంది.

బోస్టన్‌కి మూడు, మాకు రెండు. ఇక నా లెక్క ప్రకారం గురువారం ఆరో ఆటలో మావాళ్ళు ఓడిపోవాలి. అప్పుడు శనివారం ఆట ఉండదు, జనం నా షాపుకి వస్తారు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. గురువారం సాయంత్రం, బార్బర్ షాపులో, ఆయన పక్క కుర్చీలో కూర్చుని, మా జట్టు ఓడిపోవాలని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. పైకి మాత్రం చప్పట్లు కొడుతున్నాను. స్వామి వ్యాపారస్తుల స్వామే కానీ, ఇలాంటి బేరాలు ఒప్పుకోడు. మావాళ్ళు గెలిచారు. బార్బర్ నన్ను కావలించుకున్నాడు. ఊరంతా పండగ. నా మొహం చూసి, "సంతోషం పట్టలేకపోతున్నాడు," అని ఆయన వేరేవాళ్ళకి చెప్పాడు.

శుక్రవారం షికాగో వెళ్ళి వ్యానులో కూరగాయలు తెచ్చాను. దొండకాయలు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, కొబ్బరికాయలు. దారి పొడుగునా రేడియోలో రేపటి ఆట గురించే. ఇంటికొచ్చి మామగారిని అడిగాను, గంటో రెండు గంటలో వెనక్కి జరపలేమా అని. ఆయన పంచాంగం మూసి, కళ్ళజోడు తీసి నా వంక చూశారు. బంతాట కోసం లగ్నం జరిపినవాణ్ణి తన సర్వీసులో చూడలేదన్నారు. మా ఆవిడ గోడ మీది క్యాలెండర్‌లో సోమవారానికి సున్నా చుట్టింది. అది చూసి నాకు భయం వేసింది.

శనివారం ఒంటిగంట దాటాక దీపం వెలిగించాం. మామగారు సంకల్పం చెప్పారు. కొబ్బరికాయ కొట్టాం. తలుపు తీసి, "రండి," అని నేను బయటికి చెయ్యి చూపించాను. మా షాపు ముందు మా కారూ, వ్యానూ ఉన్నాయి. మిగతావన్నీ బార్బర్ షాపు ముందున్నాయి.

అరగంట గడిచింది. కరివేపాకు మీద మా ఆవిడ నీళ్ళు చల్లింది. మరో పావుగంటకి మళ్ళీ చల్లింది. గోడ అవతల నుంచి ఒక్కోసారి అరుపులు, ఒక్కోసారి మూలుగు. మామగారు గల్లా పక్కన స్టూలు మీద నిటారుగా కూర్చున్నారు.

నేను వెనక గుమ్మం నుంచి బార్బర్ దగ్గరికి పోయాను. ఆయన టీవీ కాసేపు నా షాపులో పెడితే ఆయన మనుషులూ వస్తారు, ఇక్కడ ఆట చూడొచ్చని తెలిసి మావాళ్ళూ వస్తారు. నా ఆలోచన అది. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, కుదరదన్నాడు. ప్లేఆఫ్‌లు మొదలైన రోజు నుంచి అది ఆ అలమర మీదే ఉంది. ఆయనదీ అదే కుర్చీ, అదే టోపీ. కదిపితే ఓడిపోతాం అన్నాడు.

తెనాలిలో పుట్టినవాడికి ఈ భాష తెలియకపోదు. నేను వెంటనే తగ్గిపోయాను. బేరంలో ఎదుటివాడి సెంటిమెంటు ముందు తగ్గాలని నాన్న చెప్పలేదు, నాకే అనిపించింది. నాకూ ఒక సెంటిమెంటు ఉందని ఆయనకి చెప్పాను. బోణీ అంటే ఏమిటో, మొదటి చెయ్యి పడకపోతే షాపు షాపే కాదని, సోమవారం నాటికి నేను టెక్సస్‌లో కౌబాయ్ టోపీ పెట్టుకోవాల్సి వస్తుందని. ఆయన అంతా విన్నాడు.

"సగం ఆట అయ్యాక విరామం ఉంటుంది నేబర్. వస్తాను."

వచ్చాడు. టోపీతో సహా. షాపంతా తిరిగాడు. దొండకాయ పట్టుకుని చూసి పెట్టేశాడు. ఇంగువ డబ్బా వాసన చూసి జాగ్రత్తగా వెనక్కి పెట్టాడు. చివరికి తనకి తెలిసినదొకటి దొరికింది, వేయించిన వేరుశనగ పప్పుల ప్యాకెట్. ఎంత అని అడిగాడు.

నాలుక మీద అలవాటు కూర్చుని ఉంటుంది. ఎలాగూ తగ్గించమంటాడు కదా అని, అసలు ధరకి సగం కలిపి చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా నోటు తీసి గల్లా మీద పెట్టి, చిల్లర ఉంచుకోమని, గుమ్మం వైపు నడిచాడు.

నా జీవితంలో నేను గెలిచిన బేరాల్లో అంత నీచమైనది లేదు. బోణీ దగ్గర ఆశపడకూడదన్న ఒక్క మాట మర్చిపోయాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు మా నాన్న చూపులాగే ఉంది. మామగారు మాత్రం నోటుని కళ్ళకద్దుకుని దీపం దగ్గర పెట్టారు.

ఆయన అడుగులు చూశాను. మూడో అడుగు నెమ్మదిగా పడలేదు, ఆట మొదలవుతోందని త్వరగా పోతున్నాడు. వెనక్కి రాడు. ఈసారి వెళ్ళాల్సినవాణ్ణి నేనే. గంపలోంచి మంచి కొబ్బరికాయ ఒకటి తీసుకుని పరుగెత్తాను.

"ఇదేంటి?" అన్నాడు.

"కొసరు," అన్నాను. కొన్నదాని మీద కొట్టువాడు ఊరికే ఇచ్చేది. ఇవ్వకపోతే మా నాన్న నన్ను కొట్లో అడుగు పెట్టనివ్వడని చెప్పాను. ఆయన దాన్ని తిప్పి చూసి, మూడు కళ్ళున్నాయని నవ్వి, తీసుకెళ్ళి టీవీ మీద పెట్టాడు.

మేం ఓడిపోయాం.

ఆ ఓటమి కూడా ఎలాంటిదని. మావాళ్ళిద్దరు ఒకే బంతి కోసం దూకి తలలు గుద్దుకుని పడిపోయారు. ఒకే గిరాకీ కోసం ఇద్దరు గుమాస్తాలు పరుగెత్తినట్టు. ఒకాయన మళ్ళీ ఆటలోకి రాలేదు. గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. నాకు కొబ్బరికాయ గుర్తొచ్చింది. టీవీ కదపలేదు సరే, దాని నెత్తిన బరువు పెట్టించింది నేనేగా.

మా ఆవిడ బెండకాయల మీద తడిగుడ్డ కప్పుతోంది. ఇంటికి పోదామన్నట్టు. అప్పుడు ఒక స్టేషన్ వ్యాగన్ వచ్చి ఆగింది. అందులోంచి పన్నెండేళ్ళ పిల్ల దిగి, చేతిలో చీటీతో లోపలికొచ్చింది.

"అంకుల్, దొండకాయ ఏది? డాడీ కార్‌లో ఉన్నారు. చాలా సాడ్‌గా ఉన్నారు."

వెళ్ళి చూశాను. ఆయన స్టీరింగ్ మీద తల ఆనించి ఉన్నాడు. రండి సార్, లోపల కూర్చుని బాధపడదాం అన్నాను. వచ్చాడు. ఆయన వెనకాలే ఇంకో కారు. దాని వెనక రెండు. అప్పుడు అర్థమైంది. పొద్దుటి నుంచి ఇళ్ళల్లో ఆడవాళ్ళు చీటీలు రాసి పెట్టుకుని, ఆట అయ్యేదాకా ఓర్చుకున్నారు. గెలిచి ఉంటే మగవాళ్ళు ఇళ్ళల్లోనే కేకలు పెట్టుకుంటూ ఉండిపోయేవాళ్ళు. ఓడిపోయాక ఆ ఇంట్లో, ఆ టీవీ ఎదురుగా కూర్చోలేక, చీటీ చేతికివ్వగానే నోరెత్తకుండా కార్లెక్కారు.

ఇరవై నిమిషాల్లో షాపు నిండిపోయింది. అంతమంది విచారంగా ఉన్న మగవాళ్ళని ఒకేచోట నేను ఇంకెక్కడా చూడలేదు. పచ్చిమిరపకాయలు ఏరుతూ ఐదో ఆటలో పోయిన బంతిని తలుచుకున్నారు. గుంటూరాయన ఆ విసిరినవాణ్ణి తిట్టాడు. వరంగల్ ఆయన, "గిట్లయితదని ఎవరనుకున్నరు," అంటూ నాలుగు కట్టల కరివేపాకు తీసుకున్నాడు, ఆ దుఃఖంలో ధర కూడా అడగలేదు. ఇంటికెళ్ళాలని ఎవరికీ లేదు. మా ఆవిడ ఇంట్లో చేసి తెచ్చిన జంతికల డబ్బా తెరిచి నడుమ పెట్టింది.

కాసేపటికి బార్బర్ కూడా వచ్చాడు. నన్నేమంటాడో అనుకున్నాను.

"ఆ కాయ తప్పు లేదు," అన్నాడు. "అది అక్కడే ఉంటుంది. వచ్చే ఏడు బోస్టన్‌ని కొట్టిన రోజు పగలగొడదాం."

దానితో మాట వచ్చే ఏడాది మీదికి మళ్ళింది. మన జట్టులో బెంచీ మీద కూర్చునే కుర్రాళ్ళు ఇంకో ఏడు ముదురుతారని ఒకరు. బోస్టన్ వాళ్ళ మోకాళ్ళు ఇంకో ఏడు అరుగుతాయని ఇంకొకరు. నా పాత షాపు, కొత్త కొట్టు సిద్ధాంతం చెప్పాను. షికాగో సంగతి కూడా చెప్పాను, దురదృష్టవశాత్తూ. మామగారు స్టూలు మీంచే, వచ్చే వైశాఖంలో గ్రహాలు బాగున్నాయని ప్రకటించారు. ఇంగ్లీషులోకి మార్చి బార్బర్‌కి చెప్పాను. ఆయన టోపీ తీసి మామగారికి దండం పెట్టాడు.

ఆ కాయ ఏడాది పాటు టీవీ మీదే ఉంది. మరుసటి ఏడు బోస్టన్‌ని దాటిన మర్నాడు, లోపల ఏం కుళ్ళి ఉందోనని ముక్కులు మూసుకుని, మా గుమ్మంలో పగలగొట్టాం. ఎండి, గలగలలాడే కురిడీ అయి ఉంది. మామగారికి ఉత్తరం రాస్తే, కురిడీ ఇంకా శ్రేష్ఠం అని జవాబిచ్చారు.

కానీ అది తర్వాత సంగతి. ఆ సోమవారం పొద్దున్నే ఇర్వింగ్ నుంచి ఫోన్ వచ్చింది. నేను కాఫీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మా ఆవిడ వింటోంది. వాళ్ళన్నయ్య చాలాసేపు చెప్పాడు. జీతం, ఎండ, అక్కడి ఇళ్ళు. ఆవిడ ఊఁ కొడుతూ, ఫోన్ పక్కన కాగితం మీద ఏదో రాసుకుంటోంది. ఇర్వింగ్ వివరాలేమో అనుకున్నాను. మెడ సాచి చూశాను. బెండకాయలు, అల్లం, దొండకాయలు రెండింతలు, అని ఉంది.

"సరే అన్నయ్యా, ఉంటాను," అంది. "పచ్చిమిరపకాయలు మొత్తం అయిపోయాయి. ఈయన మళ్ళీ షికాగో వెళ్ళాలి."